గుణదల కొండ కింద భక్తి సామాను: ఇంటి ప్రార్థనకు ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకు విజయవాడ వచ్చే కుటుంబాలు ఏదో ఒకటి కొనుక్కునే తిరుగు ప్రయాణం కడతాయి. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పిన నాటి నుంచి వచ్చే జనం పెరిగారు, వాళ్లతోపాటు దుకాణాలూ పెరిగాయి. జపమాలలు, నొవేనా (తొమ్మిది రోజుల ప్రార్థన) పుస్తకాలు, స్వరూపాలు, పటాలు, పతకాలు, ఉత్తరీయాలు (మెడలో వేసుకునే చిన్న బట్ట ముక్కలు), కొవ్వొత్తులు అన్నీ దొరుకుతాయి. ఇవే వస్తువులు వేళాంగణిలోనూ, విచారణ (పారిష్) గుడి పక్కన పుస్తకాల బల్లమీదా, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతారు. అందుకని ఇక్కడ ఏ ఒక్క దుకాణం మంచిచెడ్డలూ ఎంచడం లేదు, సరుకును చూస్తున్నాం.

కొలత ఒక్కటే. ఆ వస్తువు ఇంటికి వచ్చాక సాయంత్రం ప్రార్థనలో చేతికి అందాలి, ఇంటిల్లిపాదీ శ్రీసభ (కతోలిక సంఘం) కోసం, తమ కుటుంబం కోసం పునీతుల (సెయింట్ల) ప్రార్థన సహాయాన్ని శ్రీసభ నేర్పిన పద్ధతిలో అడగడానికి తోడ్పడాలి. పునీతులు తమ సొంత శక్తితో వరాలు పంచేవారు కారు. దేవుని సన్నిధిలో ఉండి మన పక్షాన వేడుకునేవారు. ఈ ఒక్క మాటకు ఎదురు నడిచే సరుకు ఎంత అందంగా ఉన్నా డబ్బు దండగే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది నొవేనా పుస్తకం. అన్నిటికంటే చవకగా దొరికేదీ అదే కాబట్టి చాలామంది తిరగేయకుండానే కొంటారు. స్వరూపం రంగు పోతే ఇల్లంతా చూస్తుంది. పుస్తకంలో తప్పు ప్రార్థన ఉంటే మాత్రం అది పిల్లల నోటికి వచ్చేస్తుంది, ముప్పై ఏళ్లయినా పోదు.

చేతిలోకి తీసుకోగానే శీర్షిక పేజీ వెనక్కి తిప్పండి. ప్రార్థన పుస్తకాలను స్థానిక పీఠాధికారి (బిషప్) అనుమతి లేకుండా ప్రచురించకూడదని శ్రీసభ చట్టం 826వ నిబంధన చెబుతుంది. అనుమతి ఉన్న పుస్తకంలో పీఠాధిపతి పేరు, పీఠం పేరు, తేదీ అచ్చువేసి ఉంటాయి. అచ్చాఫీసు పేరు మాత్రమే ఉండి అనుమతి కనిపించకపోతే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. అనుమతి ఉన్నవీ దొరుకుతాయి.

తర్వాత అది ఎప్పటి పాఠమో చూడాలి. దీనికి మూడు గుర్తులు సరిపోతాయి. జపమాల చెబుతూ ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటారు. వాటిలో వెలుగు దేవరహస్యాలను పోపు రెండో జాన్ పాల్ 2002 అక్టోబరులో చేర్చారు. అవి గురువారం చెప్పేవి. గురువారానికి సంతోష దేవరహస్యాలే రాసి ఉంటే అది 2002కు ముందటి పాఠాన్ని అలాగే తిరిగి అచ్చువేసిన పుస్తకం. రెండో గుర్తు దేవమాత (మరియమ్మ) ప్రార్థనమాల, అంటే ఒక్కో బిరుదుతో పిలుస్తూ వేడుకునే లొరెటో లితానియా. దానికి పోపు ఫ్రాన్సిస్ 2020 జూన్‌లో మూడు పిలుపులు చేర్చారు: కరుణామాత, నిరీక్షణ మాత, వలస వెళ్లినవారి ఊరట. మూడోది జోజప్పగారి, అంటే యేసు పెంపుడు తండ్రి యోసేపుగారి ప్రార్థనమాల. 2021 మే 1న అందులో ఏడు కొత్త పిలుపులు చేరాయి. రక్షకుని సంరక్షకుడు, కష్టాల్లో ఆధారం, వలసపోయినవారి పాలకుడు, పేదల పాలకుడు వంటివి వాటిలో ఉన్నాయి. తెలుగు పాఠాల్లో మాటలు కొద్దిగా తేడాగా ఉండొచ్చు, భావం ఉందో లేదో చూస్తే చాలు.

పాత పుస్తకం ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. అందులో ప్రార్థన చెల్లకుండా పోలేదు. అయితే గుడిలో ఒక రకంగా, ఇంట్లో ఇంకో రకంగా చెబితే పిల్లలు తడబడతారు. పెన్ను తీసుకుని కొత్త పిలుపులను వాటి చోట రాసుకోండి. కరుణామాత అనే పిలుపు 'శ్రీసభ మాత' తర్వాత, నిరీక్షణ మాత అనేది 'దేవవరప్రసాద మాత' తర్వాత, వలస వెళ్లినవారి ఊరట అనేది 'పాపాత్ముల శరణం' తర్వాత వస్తాయి. కువైట్‌లోనో ఖతార్‌లోనో మనిషి ఉన్న ఇల్లు ఈ మూడో పిలుపు దగ్గర కాసేపు ఆగి ఆ మనిషి పేరు చెప్పుకోవచ్చు.

మన అవసరానికి సూటిగా సరిపోయే పిలుపులు దేవమాత ప్రార్థనమాలలో రెండున్నాయి. 'శ్రీసభ మాత' 1980లో చేరింది, 'కుటుంబాల రాణి' 1995 చివర్లో చేరింది. రెండోది జపమాల రాణికీ సమాధాన రాణికీ మధ్య ఉండాలి. ఇప్పటికీ కొన్ని చిన్న కరపత్రాల్లో ఇది కనిపించదు. కుటుంబం కోసం ప్రార్థించడానికే పుస్తకం కొనేవాళ్లు ముందు ఈ పిలుపునే వెతకాలి.

ఇక పాఠం ఎవరిని ఏమి అడుగుతోందో చదవాలి. సకల పునీతుల ప్రార్థనమాల దీనికి మంచి గీటురాయి. పాస్కా (ఈస్టర్) జాగరణలోనూ, జ్ఞానస్నానంలోనూ, గురుపట్టాభిషేకంలోనూ శ్రీసభ వాడే పాఠం అది. దేవుణ్ణి పిలిచినప్పుడు 'మమ్ము దయచూడండి' అంటుంది. పునీతులను పిలిచినప్పుడు 'మా కొరకు ప్రార్థించండి' అంటుంది. చివర్లో శ్రీసభ కోసం, పోపు కోసం, గురువుల (ఫాదర్ల) కోసం చేసే మనవులన్నీ దేవునికే. నొవేనా పుస్తకం ఈ వరుసను పాటిస్తే నమ్మొచ్చు. పునీతుడే పాపాలు క్షమిస్తాడన్నట్టు, దేవుడు కాదన్నదాన్ని ఆయన ఇప్పిస్తాడన్నట్టు రాసి ఉంటే వద్దు.

అసలు ముట్టుకోకూడని రకం ఒకటుంది. 'ఎన్నడూ విఫలం కాని ప్రార్థన' అని పైన, 'ఇన్ని ప్రతులు తీయించి ఇన్ని రోజులు గుడిలో పెట్టాలి, ఆపితే కీడు' అని కింద అచ్చువేసిన ఒంటి కాగితాలు. పునీత యూదా తదేయు పేరుమీద, పునీత అంతోనివారి పేరుమీద ఇవి ఎక్కువ తిరుగుతాయి. ఇప్పుడు వాట్సాప్‌లోనూ వస్తున్నాయి. ప్రార్థన ఫలితాన్ని మనసుకు కాక పైకి చేసే పనికి ముడిపెట్టడం మూఢనమ్మకమని శ్రీసభ బోధనలను కూర్చిన 'సత్యోపదేశం' 2111వ పేరాలో తేల్చి చెప్పింది. జబ్బుతో, అప్పుతో నలిగిపోతున్న ఇంటిమీద ఈ కాగితం భయాన్ని కూడా మోపుతుంది. గుడి బల్లమీద కనిపిస్తే విచారణ గురువులకు చూపించి తీసేయించండి. మీకు వస్తే ఆపేయండి, ఏమీ కాదు.

తొమ్మిది రోజుల లెక్కలో జరిగే పొరపాటు కూడా చాలావరకు పుస్తకాల వల్లే వస్తుంది. నొవేనా పండుగ ముందురోజుతో ముగియాలి. పండుగనాడు మొదలుపెట్టేది కాదు, పండుగతో కలిపి తొమ్మిదీ కాదు. లూర్దుమాతకు ఫిబ్రవరి 2న మొదలుపెట్టి 10న ముగిస్తే 11 పండుగ. జోజప్పగారికి మార్చి 10 నుంచి 18. పునీత రీతమ్మకు మే 13 నుంచి 21. అంతోనివారికి జూన్ 4 నుంచి 12. చిన్న తెరేజమ్మకు సెప్టెంబరు 22 నుంచి 30. యూదా తదేయుకు అక్టోబరు 19 నుంచి 27. వేళాంగణి మాతకు ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 7. మొదలుపెట్టాల్సిన తేదీని స్పష్టంగా వేసిన పుస్తకం దొరికితే అదే కొనండి. ఒకరోజు తప్పితే మొత్తం పోయిందని బెంగపడే పెద్దవాళ్లున్నారు. ఇంట్లో సొంత భక్తిగా చేసే నొవేనాకు అలాంటి నియమమేదీ లేదు. మర్నాడు కొనసాగించడమే.

శ్రీసభ కోసం ప్రార్థించాలనుకునే ఇల్లు పుస్తకంలో మూడు ప్రార్థనలున్నాయేమో చూడాలి. ఒకటి, 'దేవమాతా, మీ శరణు జొచ్చుచున్నాము' అనే భావంతో మొదలయ్యే అతి ప్రాచీన ప్రార్థన. రెండు, జపమాల తర్వాత జోజప్పగారిని వేడుకునే ప్రార్థన. దీన్ని పోపు పదమూడో లియో 1889లో అక్టోబరు నెల జపమాలకు చేర్చారు. అంతకు ముందే, 1870 డిసెంబరు 8న, తొమ్మిదో పియుస్ జోజప్పగారిని విశ్వశ్రీసభ పాలకుడిగా ప్రకటించారు. మూడు, మిఖాయేలు అతిదూత ప్రార్థన, ఇదీ పదమూడో లియో కాలానిదే. పోపు ఫ్రాన్సిస్ 2018 అక్టోబరు నెలంతా శ్రీసభ రక్షణ కోసం రోజూ జపమాల చెప్పి, చివర్లో మొదటిదీ మూడోదీ కలిపి చెప్పమని విశ్వాసులందరినీ కోరారు. మూడూ ఒకే పుస్తకంలో ఉంటే అది పదేళ్లు పనికొచ్చే పుస్తకం.

అచ్చు విషయం కొంచెం. రాత్రి దీపం వెలుగులో అమ్మమ్మ చదవగలిగేంత అక్షరం ఉండాలి. కోస్తా జిల్లాల తేమకు పిన్ను కొట్టిన పుస్తకాలు రెండు వానాకాలాలకే తుప్పు మరకలు పడి మధ్య కాగితం ఊడిపోతుంది. దారంతో కుట్టినది కొంచెం ఖరీదైనా నయం. మెరిసే కాగితంమీద దీపం వెలుగు పడితే అక్షరం కనిపించదు, మామూలు తెల్లకాగితమే మేలు.

ఇక జపమాల. అయిదు గుర్తుల (పదేసి పూసల వరసల) జపమాలలో మొత్తం 59 పూసలు. మంగళవార్త జపానికి (మరియమ్మ ప్రార్థన) 53, పరలోక జపానికి (ప్రభువు నేర్పిన ప్రార్థన) 6. సిలువ దగ్గర నుంచి ఒక పెద్దపూస, మూడు చిన్నవి, ఒక పెద్దపూస, తర్వాత పతకం. పతకం నుంచి చుట్టూ పదేసి చిన్నపూసలు అయిదు వరసలు, వరసకూ వరసకూ మధ్య ఒక్కో పెద్దపూస. దుకాణంలోనే లెక్కపెట్టండి. చవక రకాల్లో ఒక వరసకు 9, ఇంకో వరసకు 11 పడటం మామూలే. ఒంటరిగా చెప్పేటప్పుడు పెద్ద ఇబ్బంది కాదు. ఇంట్లో నలుగురు నాలుగు మాలలతో చెబితే మాత్రం వరస చివర చెప్పే త్రిత్వ స్తోత్రం ఒకరు ఎత్తుకునేసరికి ఇంకొకరు పూసలోనే ఉంటారు.

తెగే చోట్లు రెండే. సిలువను కలిపే రింగు, మూడు గొలుసులు కలిసే పతకం. రింగు రెండు కొసల మధ్య గోరు దూరితే అది ఊడిపోయే మాల. వేలితో కొద్దిగా లాగి చూడండి, సందు పెరిగితే వదిలేయండి. కొన్నాక ఊడితే చిన్న ముక్కు పటకారుతో రింగును పక్కకు తిప్పి కలపాలి. వెడల్పుగా తెరిస్తే తీగ అలిసిపోయి మళ్లీ అక్కడే విరుగుతుంది. పూత వేసిన గొలుసు చెమటకు నల్లబడుతుంది. నికెల్ పడని చర్మం వాళ్లకు వేళ్లమీద దురద కూడా రావచ్చు.

రోజూ ఇంటి వాడకానికి మా ఓటు నైలాన్ దారంతో ముడివేసిన చెక్కపూసల మాలకు. తెగదు, చప్పుడు చేయదు, పసివాళ్లు లాగినా నిలుస్తుంది. దారం కొసలు సన్నగా కాల్చి అతికించి ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ముడి మెల్లగా జారుతుంది. నూలుదారం మాల చేతికి మెత్తగా ఉంటుంది కానీ నూనె చేతులకు, తేమకు లోపల్నుంచి కుళ్లుతుంది. గాజుపూసల మాల పెళ్లికి, మొదటి దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్) కానుకగా బావుంటుంది, గచ్చుమీద పడితే మాత్రం పగుళ్లు వస్తాయి. పూస సైజు పిల్లలకు 6 మిల్లీమీటర్లు, పెద్దలకు 8, వేళ్లు కొంకర్లు పోయిన ముసలివారికి 10 అయితే పట్టు దొరుకుతుంది. పది గుబ్బల ఉంగరం ప్రయాణంలో పనికొస్తుంది. అయిదు గుర్తులకూ దానితో నడిపితే ఎన్నో గుర్తులో ఉన్నామో మరిచిపోతాం.

ఇంట్లో కుటుంబమంతా కలిసి జపమాల చెప్పడానికి శ్రీసభ పరిపూర్ణ ఫలాన్ని (పాపాలకు మిగిలిన శిక్షను పూర్తిగా తీసేసే అనుగ్రహం) ఇచ్చింది, దీన్ని చాలామంది ఎరగరు. అయిదు గుర్తులూ ఆపకుండా చెప్పాలి, దేవరహస్యాలను ధ్యానించాలి. పాపసంకీర్తనం చేసి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని), దివ్యసత్ప్రసాదం తీసుకుని, ఏ పాపంమీదా మమకారం లేకుండా, పోపుగారి తలంపుల (ప్రార్థన ఉద్దేశాల) కోసం ప్రార్థించాలి. ఆ చివరి షరతుకు ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చాలు. ఇంటి ప్రార్థన అలా శ్రీసభ ప్రార్థనలో కలుస్తుంది. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మాల ఎంత ఖరీదైనదైతే ఏమిటి, ఈ ఇరవై నిమిషాలు దానికి దొరక్కపోతే అది మేకుకు వేలాడుతూనే ఉంటుంది.

స్వరూపాల దగ్గర ముందు ఎవరి స్వరూపమో తేల్చుకోవాలి. జోజప్పగారికీ అంతోనివారికీ ఇద్దరికీ చేతిలో బాలయేసు, లిల్లీపువ్వు ఉంటాయి, అమ్మేవాళ్లు ఒకరికి బదులు ఒకరిని ఇచ్చేస్తారు. గడ్డం, వడ్రంగి మూలమట్టం ఉంటే జోజప్పగారు. గడ్డం లేకుండా, గోధుమరంగు అంగీ, నడుముకు మూడు ముళ్ల తాడు, నడినెత్తి గొరిగిన తల ఉంటే అంతోనివారు. తలమీద అగ్నిజ్వాల, రొమ్ముమీద యేసు ముఖబింబం ఉంటే యూదా తదేయు. నల్ల అంగీ, నుదుట గాయం, చేతిలో సిలువ ఉంటే రీతమ్మ. లూర్దుమాతకు తెల్లబట్ట, నీలం నడికట్టు, రెండు పాదాలమీదా బంగారు గులాబీ, చేతిలో జపమాల ఉండాలి. చేతుల నుంచి కిరణాలు వస్తుంటే అది అద్భుత పతకం మాత, లూర్దుమాత కాదు.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ స్వరూపం ముఖం చక్కగా వస్తుంది, ధర తక్కువ. కానీ నీటి శత్రువు. తడిగుడ్డతో తుడిస్తే రంగు బుడగలు లేస్తుంది, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడమే. వేళ్లు, బాలయేసు చేయి ముందుగా విరుగుతాయి, కాబట్టి బండిమీద తీసుకెళ్లేటప్పుడు ఆ భాగాలకు విడిగా దూది చుట్టండి. ఇంటి ముందు గుహ కట్టి పెట్టేవాళ్లు ఫైబర్ లేదా సిమెంటు స్వరూపమే తీసుకోవాలి. ఎండా వానా తగిలేచోట ప్లాస్టర్ ఏడాది నిలవదు.

ఇల్లు చిన్నదైతే స్వరూపం కంటే పటం మంచిది. ఏ పటం? తిరుకుటుంబం (యేసు, మరియమ్మ, జోజప్పగారు) ఎప్పుడూ తగినదే. దాని పక్కన కుటుంబ జీవితాన్ని గడిపి పునీతులైనవారిని పెట్టుకోమని మా సలహా. ఎందుకో ఈ పటాలు దుకాణాల ముందువరసలో కనిపించవు, అడిగి తీయించుకోవాలి. 2015 అక్టోబరు 18న దంపతులుగా కలిసి పునీత పట్టం పొందిన లూయీ, జెలీ మార్టిన్ చిన్న తెరేజమ్మ తల్లిదండ్రులు. తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నవారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఈ పటం ఉండాలి. మన దేశంలో త్రిచూర్ ప్రాంతపు మరియం త్రేసియా కష్టాల్లో ఉన్న ఇళ్లకు వెళ్లి సేవచేసి, 1914లో తిరుకుటుంబ సభను స్థాపించారు, 2019లో పునీతురాలయ్యారు. కురియాకోస్ ఏలియాస్ చావరా 1868లో తన ఊరు కైనకరి కుటుంబాలకు ఇల్లు ఎలా నడపాలో వివరంగా లేఖ రాసిన గురువు, 2014లో పునీతులయ్యారు. 2022 మే 15న పునీతులైన దేవసహాయం పిళ్లై గృహస్థుడు, మన దేశం నుంచి పునీత పట్టం అందుకున్న తొలి సాధారణ విశ్వాసి. తాగుడుకో చెడు సావాసానికో చిక్కిన కొడుకు కోసం ఏడ్చే తల్లికి అగస్టీనువారి తల్లి మోనికమ్మ. ఆమె పండుగ ఆగస్టు 27, మర్నాడే కొడుకు పండుగ.

కృష్ణా జిల్లావాళ్లు పెద్దఅవుటపల్లి బ్రదర్ జోసఫ్ తంబి గారి పటం కూడా అడుగుతారు. 1945 జనవరి 15న కన్నుమూసిన ఆయనను పునీతుడిగా ప్రకటించాలని శ్రీసభలో ప్రక్రియ నడుస్తోంది. ఇంట్లో సొంతంగా ఆయన ప్రార్థన సహాయం అడగొచ్చు. ధన్యుడిగా (పునీత పట్టానికి ముందు మెట్టు) ప్రకటించేదాకా తలచుట్టూ కాంతివలయం వేసిన పటం, పునీతుడిగా ప్రకటించేదాకా 'పునీత' అని పేరుకు ముందు రాసిన పటం సరైనవి కావు. ఆయన మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అనుమతి లేని బహిరంగ ఆరాధన జరిగిందని తేలితే అది ఆ ప్రక్రియకే అడ్డు.

ఉత్తరీయం కొంటే ఉన్నిబట్టదే కొనండి. రెండు ముక్కలు, రెండు నాడాలు, అంతే దాని స్వరూపం. బొమ్మ లేకపోయినా పర్వాలేదు. ప్లాస్టిక్ కవర్లో మూసి కుట్టినది చెమట పట్టి వాసన వస్తుంది. మొదటిసారి గురువుల చేత ధరింపజేసుకోవాలి. అది పాతబడి కొత్తది మార్చుకున్నప్పుడు మళ్లీ ఆ క్రమం అక్కర్లేదు.

కొవ్వొత్తుల గురించి రెండు మాటలు. ఫ్యాను కింద వెలిగిస్తే ఒకవైపే కారి సగానికి సగం వృథా అవుతుంది. వత్తి పావు అంగుళం మించితే మసి పడుతుంది, వెనక ఉన్న పటం నల్లబడేది దీనివల్లే. మే నెల ఎండకు మైనం మెత్తబడి వంగుతుంది, పడుకోబెట్టి చల్లటిచోట దాచండి. ఇసుక పోసిన ఇత్తడి పళ్లెంలో నిలబెట్టండి, పరదాలకు దూరంగా.

'ఇది ముందే మంత్రించినది' అని ఎక్కువ ధర చెబితే ఇవ్వకండి. ఆశీర్వాదానికి ధర ఉండదు. ఆశీర్వదించిన వస్తువును అమ్మితే దానికి ముడిపడిన ఫలం పోతుందని శ్రీసభ నియమం. కొన్నాక గుడికి తీసుకెళ్లి గురువులను అడిగితే ఒక్క నిమిషంలో అయిపోయే పని అది. పునీతుల అవశేషాలని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి అసలు పోకూడదు, వాటిని అమ్మడాన్ని చట్టం 1190వ నిబంధన పూర్తిగా నిషేధించింది. అమెరికాలో ఇల్లు అమ్మాలనుకునేవాళ్లకు జోజప్పగారి బొమ్మ, తలకిందులుగా పాతిపెట్టే సూచనలు కలిపి పెట్టె కట్టి అమ్ముతున్నారు. జోజప్పగారు తిరుకుటుంబానికి గూడు వెతికిన తండ్రి. ఆయన బొమ్మను మట్టిలో కప్పి బేరం తెగమని బెదిరించడం ప్రార్థన కాదు. ఆ సొమ్ముతో ఆయన పటం కొని గోడకు పెట్టి, మార్చిలో నొవేనా చేయండి.

ఫోన్ యాప్‌లలో పోపుగారి విశ్వవ్యాప్త ప్రార్థనా సంఘం నడిపే 'క్లిక్ టు ప్రే' ఉచితం. ప్రతి నెలా పోపుగారి ప్రార్థన తలంపు అందులో ఉంటుంది. జపమాల మొదలుపెట్టేముందు ఆ తలంపు చదివి ఫోన్ పక్కగదిలో పెట్టేయడం మంచి పద్ధతి. అదే సంఘం 2019లో చేతికి కట్టుకునే ఎలక్ట్రానిక్ జపమాలను తెచ్చింది. పది పూసలు, స్మార్ట్ సిలువ, అప్పట్లో ధర 99 యూరోలు. ఒంటరిగా ఉండే యువతీయువకులకు అలవాటు పడటానికి ఉపయోగపడొచ్చు. నలుగురు కూర్చుని చెప్పే ఇంటికి దానితో పనిలేదు.

సామాను కాని ఒక సేవ గురించి కూడా చెప్పాలి: కుటుంబం కోసం దివ్యపూజ (మాస్) చేయించుకోవడం. ఇంటి ప్రార్థనలో పునీతులను అడిగేదంతా చివరికి చేరేది అక్కడికే. పుణ్యక్షేత్రం కార్యాలయంలోనో మీ విచారణలోనో నమోదు పుస్తకం ఉంటుంది. పేరు, బతికున్నవారా చనిపోయినవారా, తలంపు ఏమిటి, ఏ తేదీ అనే నాలుగూ స్పష్టంగా రాయించి రసీదు తీసుకోండి. 'మా కుటుంబం కొరకు' అని ఊరికే రాస్తే చదివేటప్పుడు ఎవరి కుటుంబమో తెలియదు, ఇంటిపేరు రాయాలి. ఇచ్చేది కానుక, పూజకు వెల కాదు. దాని మొత్తాన్ని ఆ ప్రాంత పీఠాధిపతులు నిర్ణయిస్తారు. ఇవ్వలేని పేదవారి కోసం కానుక లేకుండానే పూజ చేయమని 945వ నిబంధన గురువులను కోరుతుంది, కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఆదివారాల్లో ఒక పూజను విచారణ గురువులు విచారణ ప్రజలందరి కోసం తప్పక చేయాలి. అందుకని మీరు అడిగిన ఆదివారం పూజ ఖాళీ లేదంటే నొచ్చుకోవద్దు, పనిదినం తీసుకోండి. ఉత్సవాల మూడు రోజులూ తలంపులు గుట్టగా వస్తాయి. మీ ఒక్క తలంపుకే పూజ కావాలంటే ఫిబ్రవరిలో కాక మరో నెలలో తేదీ అడగడం తెలివైన పని. చనిపోయినవారి కోసం ముప్పై రోజుల వరస పూజలు అడిగేటప్పుడు అవి ఒక్కరి కోసమేనని, ఒకరోజు కూడా తెగకూడదని గుర్తుంచుకోండి. మామూలు విచారణ గురువులకు అది కష్టం, మఠవాసుల దగ్గర కుదురుతుంది.

కొత్తవి కొన్నాక పాతవి ఏంచేయాలన్నది చివరి ప్రశ్న. ఆశీర్వదించిన వస్తువును చెత్తబుట్టలో వేయకూడదు. చెట్టు కిందో కాలవ గట్టునో వదిలేయకూడదు, గుడి మెట్లమీద పెట్టి రాకూడదు. చిరిగిన పుస్తకం, పటం, ఉత్తరీయం, చెక్క జపమాల కాల్చి బూడిదను మట్టిలో కలపాలి. ప్లాస్టర్ స్వరూపాన్ని గుడ్డలో చుట్టి, ముక్కలు చేసి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాలి. లోహపు సిలువ, పతకం బావుంటే తీసి కొత్త మాలకు వేసుకోవచ్చు. మట్టల ఆదివారం నాటి ఎండుమట్టలు విభూది బుధవారానికి ముందే గుడిలో ఇచ్చేయండి, అక్కడ వాటి బూడిదే నుదుట పెడతారు.